పన్నుకి మెట్లు లెక్కపెట్టడం రాదు

జూన్ 8

ఒరేయ్ చెవిటి మాలోకం,

ముందు నీ ఛాతీ నొప్పి సంగతి తేల్చు. పోయిన ఉత్తరంలో "ఎడమవైపు సూది గుచ్చినట్టుంది, ఇంకెన్నాళ్ళో" అని రాసి, ఆ కింద లైనులోనే "కొత్త బేరింగులు వచ్చాయి" అని రాశావు. ఎన్నాళ్ళో అన్నది నీ గురించా, పాత బేరింగుల గురించా? మరదలికి ఫోను చేసి అడిగితే నవ్వుతుంది తప్ప చెప్పదు. నువ్వు ఫోనులో మాట్లాడగలిగితే నాకీ తిప్పలు ఉండేవి కావు. ముప్పై ఏళ్ళు పంపుల హోరులో నిలబడి చెవులు పోగొట్టుకున్నావు, ఈ వయసులో నాచేత ఉత్తరాలు రాయిస్తున్నావు. సరేలే, నాకూ అలవాటైపోయింది.

నిన్న శుక్రవారం, ఊరి గోపురం మీది గడియారానికి కీ ఇచ్చే రోజు. మీ బావ పోయి ఈ పని నా చేతికి వచ్చి తొమ్మిదేళ్ళు నిండాయి. వారానికోసారి నూట పన్నెండు మెట్లు. ఇన్నేళ్ళయినా పైగది తలుపు తీసినప్పుడల్లా నా ఒళ్ళు జలదరిస్తుంది. నాకంటే పొడవున్న లోలకం ఆ చీకట్లో అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. నేను గది తాళం వేసుకుని వెళ్ళిపోయాక కూడా, చూసేవాళ్ళు ఒక్కరూ లేకుండా, వారమంతా అది అలాగే ఊగింది కదా అనుకుంటూ తలుపు దగ్గరే నిలబడిపోతాను. నలుగురు మనుషులంత బరువు ఇనుప తీగకి వేలాడుతూ, కంటికి తెలియకుండా కిందికి దిగుతూ ఉంటుంది. ఆ దిగడంలోంచే ఊరందరికీ టైము వస్తుంది. నేను హ్యాండిలు పట్టి నూట నలభై చుట్లు తిప్పి బరువుని మళ్ళీ పైకి చేరుస్తాను. కింద వీధిలో జనం తలెత్తి టైము చూసుకుని పరుగులు పెడతారు. తమ నెత్తిన ఇంత జరుగుతోందని ఒక్కరికీ తెలియదు.

నిన్న మాత్రం చిన్న చికాకు. డెబ్భై నాలుగో మెట్టు దగ్గర ఎడమ దవడ లాగడం మొదలైంది. మెట్టు మీద కూర్చున్నాను. రెండు నిమిషాల్లో మంత్రించినట్టు పోయింది. వెనక పన్ను పుచ్చి ఉంటుంది. రెండు వారాల కిందటా ఇలాగే వచ్చింది, కాకపోతే అప్పుడు ఎనభై ఆరు దాటాక. ఆగిన చోట గోడ మీద సుద్దముక్కతో గీత పెట్టి తేదీ వేశాను. మీ బావ నేర్పిన అలవాటే. యంత్రం దగ్గర ఏం జరిగినా ముందు గీత పెట్టు, ఆలోచన తర్వాత అనేవాడు.

నా పన్ను సంగతి నేను చూసుకుంటాను. నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళకపోతే మాత్రం అక్కడికొచ్చి చెవి మెలేస్తాను. ఎలాగూ అది పనిచేయడం లేదుగా.

అక్క


జూన్ 15

గంటలక్కకి,

వెళ్ళొచ్చాను. చచ్చి బతికానని గొప్పగా రాద్దామనుకున్నాను గానీ చావూ లేదు, ఏమీ లేదు. సోమవారం పంపుహౌసులో వాల్వు తిప్పుతుంటే ఎడమవైపు సూది దిగింది. ఇక అయిపోయిందనుకున్నాను. నా పానాలూ రెంచీలూ ఉన్న పెట్టె ఎవరికి ఇవ్వాలో హెల్పరుకి చెప్పేశాను కూడా. ఇప్పుడు వాడు నన్ను చూసినప్పుడల్లా నిట్టూరుస్తున్నాడు.

మీ మరదలు ఆసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరు "ఎక్కడ నొప్పి?" అని కాగితం మీద రాసి చూపించాడు. నేను చూపుడు వేలితో సరిగ్గా ఒక్క చోట గుచ్చి చూపించాను. ఆయన అక్కడే నొక్కితే కెవ్వుమన్నాను. కండరం పట్టేసిందట. నొక్కితే నొప్పి పుట్టేది, ఒక్క వేలితో చూపించగలిగేది చాలావరకు గుండెది కాదట. అయినా వైర్లు అంటించి కాగితం మీద గుండె గీత తీశారు. అక్కా, ఆ కాగితం చూడాలి నువ్వు! లోపల ఉన్నది తనంతట తాను చెయ్యి తిప్పి సంతకం పెట్టినట్టుంది. యాభై నాలుగేళ్ళుగా నాలో ఉండి, మొదటిసారి నాతో మాట్లాడింది. మడత పెట్టి పర్సులో దాచుకున్నాను.

బయట బల్ల మీద నా పక్కన ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు కూర్చున్నాడు. గుండె జబ్బుల గురించి ఆయనకి తెలియనిది లేదు. నేను వినలేనని తెలిసి, ఓపిగ్గా నా నోటుబుక్కులోనే రాసిచ్చాడు. నీకు పనికొస్తుందని నా చేత్తో శుభ్రంగా రాసి పంపుతున్నాను, గోడకి అంటించుకో.

గుండె జబ్బు గుర్తులు. ఛాతీలో ఎడమవైపు భరించలేని నొప్పి. అది ఎడమ చేతిలోకి పాకడం. మనిషి అమాంతం కింద పడిపోవడం. ఈ మూడూ లేకపోతే గుండె జబ్బు కాదు. ఆడవాళ్ళకి సాధారణంగా రాదు. సన్నగా ఉన్నవాళ్ళకి అసలే రాదు.

కాబట్టి నీకు రెండు విధాలా భయం లేదు. పన్నుకి ఉప్పునీళ్ళు పుక్కిలించు.

నీ తమ్ముడు (కండరాలు మాత్రమే పాడైనవాడు)


జూన్ 29

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మనసు కుదుటపడింది. ఆ సంతోషంలో రెండు రోజులు నిన్ను తిట్టలేదు. నీ జాబితా పైగదిలో, నూనె డబ్బాల పైన గోడకి అంటించాను. నిన్న దాని ముందు నిలబడి టిక్కులు పెడదామని చూశాను. ఒక్కటీ పడలేదు. ఛాతీలో నొప్పి లేదు, చేతిలో లేదు, కింద పడలేదు. ఇక నేను పుల్లలా ఉంటానని చిన్నప్పుడు నువ్వే కదా వెక్కిరించేవాడివి. వారం వారం నూట పన్నెండు మెట్లు ఎక్కేదాన్ని, నాకేమిటి? మన ఇంట్లో ఎవరికుంది గనక గుండె జబ్బు? అమ్మ ఎనభై దాటి పోయింది. నాన్న అజీర్తితో పోయాడు.

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్న అద్దం పెట్టి, ఫొటో తీసి, పళ్ళన్నీ రాయిలా ఉన్నాయన్నాడు. రాయిలా ఉంటే ఎందుకు నొప్పెడుతుంది అన్నాను. "నమిలితే వస్తుందా? చల్లనీళ్ళకి వస్తుందా?" అని అడిగాడు. రాదు, మెట్లెక్కితే వస్తుంది అన్నాను. నా వంక అదోలా చూసి, ఒకసారి పెద్ద డాక్టరుకి చూపించుకోమన్నాడు. తనకి చేతకాక వదిలించుకుంటున్నాడు! నాకు ఒళ్ళు మండి వచ్చేశాను.

నిన్న యాభై రెండో మెట్టు దగ్గర కూర్చున్నాను. గీత పెట్టాను. ఆ చీకట్లో కూర్చుంటే పైనుంచి లోలకం చప్పుడు మెట్లు దిగి వస్తుంది. ఎక్కేటప్పుడు దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు నేను. పంటి నొప్పి పుణ్యమా అని విన్నాను. నిమ్మళంగా, ఎవరి కోసమూ ఆగకుండా, తొందరపడకుండా. నొప్పి పోయాక కూడా లేవబుద్ధి కాలేదు. నువ్వు విని ఉంటే బాగుండేది అనిపించింది.

ఈమధ్య కాస్త అలసటగా ఉంటోంది. ఎండల వల్లే అయి ఉంటుంది. రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నావా?

అక్క


జూలై 6

అక్కా,

మాత్రలు మానేశాను. అరవకు, నాకు వినపడదు. డిసెంబరులో చూపిస్తే రక్తపోటు మామూలుగా ఉందన్నారు. తగ్గిపోయిన జబ్బుకి మందెందుకు? తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. పెరిగితే నాకు తెలియదూ? చప్పుడు చేయని పంపుని విప్పకూడదు అన్నది నా ముప్పై ఏళ్ళ అనుభవం. మీ మరదలు వారం రోజులుగా ముఖం ముడుచుకుని ఉంది. నువ్వూ ఆవిడతో కలవకు.

నీ పన్ను సంగతి విన్నాక నాకొకటి అనిపించింది. నీ ఒంటికి తుప్పు పట్టింది. మెల్లిగా ఎక్కి, మధ్యలో కూర్చుని, నువ్వే దాన్ని గారాబం చేస్తున్నావు. ఈసారి ఆగకుండా గబగబా ఎక్కు. ఒంట్లో రక్తం పరుగెత్తితే ఏ నొప్పయినా పారిపోతుంది. అప్పటికీ పన్ను మాట వినకపోతే ఇంకో డాక్టరు చేత పీకించెయ్. వృథాగా భరించడం ఎందుకు?

ఇక్కడ మూడో పంపు నా ప్రాణం తోడేస్తోంది. గుట్ట మీది క్వార్టర్లకి నీళ్ళు ఎక్కించేది అదే. నెల కిందట నాలుగో అంతస్తు వాళ్ళు నీళ్ళు సన్నగా వస్తున్నాయని గొడవ చేశారు. కుళాయిలు పాడయ్యాయని అందరూ కుళాయిలు మార్చుకున్నారు. ఇప్పుడు మూడో అంతస్తు వాళ్ళు గొడవ. వాళ్ళూ కుళాయిలు మారుస్తున్నారు. పంపుకి మాత్రం ఏ లోటూ లేదు. నా వినే కడ్డీ తెలుసుగా నీకు? ఒక కొస బేరింగు మీద ఆనించి, ఇంకో కొస చెవి వెనక ఎముకకి ఆనిస్తాను. చెవికి వినపడనిది ఎముకకి వినపడుతుంది. ఆ ఇనుములోంచి పంపు తిరిగే పాట పుర్రెంతా నిండుతుంది అక్కా! ప్రపంచంలో నాకు మిగిలిన సంగీతం అదొక్కటే. ఎక్కడా అపశ్రుతి లేదు. మరి నీళ్ళు ఎందుకు ఎక్కవు?

తమ్ముడు


జూలై 20

నా మాట వినని తమ్ముడికి,

ముందు నీ వాయింపు కానీ. గడియారానికి నూనె ఎప్పుడు వేస్తారో తెలుసా? బాగా నడుస్తున్నప్పుడు. ఏడ్చేదాకా ఆగి నూనె వేస్తే అప్పటికే పళ్ళచక్రాలు అరిగిపోయి ఉంటాయి. మీ బావ నాలుగు నెలలకోసారి నూనె, నాలుగు నెలలకోసారి నూనె అని పోరేవాడు, "బాగానే నడుస్తోంది కదా" అని నేను అంటే, "నూనె వేశాను కాబట్టే" అనేవాడు. డిసెంబరులో నీ రక్తపోటు బాగుందంటే అది మాత్రల వల్ల బాగుంది. ఇంత చిన్న సంగతి పంపుల మేస్త్రీకి తట్టలేదా? మళ్ళీ మొదలుపెట్టు. మరదలు ముఖం ముడుచుకుంటే తప్పు ఆవిడది కాదు.

ఇక నా వింత విను. నువ్వు చెప్పినట్టు పన్నెండో తేదీన గబగబా ఎక్కాను. ముప్పై ఎనిమిదికే కూలబడ్డాను. దవడతో పాటు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు, ఒళ్ళంతా చెమట. మెట్లెక్కితే చెమట పట్టదా ఏమిటి! కాసేపటికి పోయింది. మర్నాడే ఇంకో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, పన్ను పీకితే గానీ కుర్చీ దిగనన్నాను. పాపం ఆయన గంటసేపు బతిమాలాడు, బాగున్న పన్నమ్మా అని. నా పట్టుదల ముందు ఎవరు నిలుస్తారు? పీకించుకున్నాను. చిన్న సీసాలో పెట్టి ఇచ్చాడు.

నిన్న శుక్రవారం ధీమాగా ఎక్కాను. ఇరవై ఏడో మెట్టు. అదే నొప్పి, అదే చోట! లేని పన్ను నొప్పెడుతోంది తమ్ముడూ! నాలుకతో తడిమి చూశాను, అక్కడ ఖాళీ. ఆ ఖాళీ నొప్పెడుతోంది. భయం వేయలేదు సరికదా, ఇదేం సృష్టిరా దేవుడా అని విస్తుపోయాను. చెట్టు కొట్టేశాక నీడ మిగలడం ఎక్కడైనా చూశావా?

పైకి చేరేసరికి అరగంట పట్టింది. కీ ఇచ్చేటప్పుడు నాలుగుసార్లు ఆగాను. గోడ మీద గీతలన్నీ దిగేటప్పుడు చూసుకున్నాను. ఎనభై ఆరు, డెబ్భై నాలుగు, యాభై రెండు, ముప్పై ఎనిమిది, ఇరవై ఏడు. ఈ లెక్కన వచ్చే నెలకి నేను వాకిట్లోనే కూర్చోవాలి. నవ్వొచ్చింది.

అక్క


జూలై 25

అక్కా,

మెట్లెక్కొద్దు. ఇదొక్కటే చదివినా చాలు. మెట్లెక్కొద్దు.

మీ మరదలు గంట నుంచి నీకు ఫోను చేస్తోంది. ఎప్పట్లాగే నువ్వు దాన్ని పెట్టెలో పడేసి ఉంటావు. రేపు పొద్దున గోపురం కింద మీ ఆఫీసు తెరవగానే అక్కడి గుమాస్తాకి చేస్తుంది. నేను బయలుదేరుతున్నాను. రెండు బస్సులు మారి వచ్చేసరికి ఎల్లుండి అవుతుంది. దేనికైనా మంచిదని ఈ ఉత్తరం కూడా ముందుగా వేస్తున్నాను.

ఈ మధ్యాహ్నం మూడో పంపు పైపు కోయించాను. రెండో అంతస్తు వాళ్ళూ గొడవకి వచ్చారు, ఇక నా దగ్గర మార్చడానికి కుళాయిలు లేవు. జానెడు వెడల్పు గొట్టం, కోసి చూస్తే లోపల గార పేరుకుని పేరుకుని, మధ్యలో నా బొటనవేలు దూరేంత బెజ్జం మిగిలింది. పంపు బాగుంది. కుళాయిలు బాగున్నాయి. దారి మూసుకుపోయింది. ఎంత మూసుకుంటే అంత కిందికి దిగింది గొడవ. నాలుగు, మూడు, రెండు.

చేతులు కడుక్కుని వస్తే బల్ల మీద నీ ఉత్తరం ఉంది. ఎనభై ఆరు, డెబ్భై నాలుగు, యాభై రెండు, ముప్పై ఎనిమిది, ఇరవై ఏడు. పన్నుకి మెట్లు లెక్కపెట్టడం రాదు అక్కా. పంటి నొప్పి పడుకున్నా వస్తుంది, నమిలితే వస్తుంది. పైకి ఎక్కితే వచ్చి, కూర్చోగానే పోయి, వారం వారం ముందే వచ్చేది పన్నుది కాదు. గుండెకి నెత్తురు తీసుకెళ్ళే గొట్టం మూసుకుపోతోంది. మనం నెల రోజులుగా కుళాయిలు మారుస్తున్నాం.

ఆ జాబితా చింపెయ్. దాన్ని నీకు పంపిన చెయ్యి విరిగిపోను. గబగబా ఎక్కమన్నది నేనే. నొప్పి లేదు కదా అని ఇంట్లో కూర్చోకు. నడిచి వెళ్ళకు. ఎవరినైనా పిలిచి బండిలో ఆసుపత్రికి వెళ్ళు. నీ పన్ను గురించి చెప్పకు. మెట్ల గురించి చెప్పు.

తమ్ముడు


ఆగస్టు 9

తమ్ముడూ,

నువ్వు వచ్చి నాలుగు రోజులు నా మంచం పక్కన కూర్చుని వెళ్ళావు. అయినా ఏం మాట్లాడుకున్నాం మనం? నీకు వినపడేలా నేను అరిస్తే నర్సు నన్ను తిట్టింది. నువ్వేమో నా చెయ్యి పట్టుకుని ముక్కు చీదడం తప్ప ఏమీ చేయలేదు. నిన్న ఇంటికి పంపారు. నీ జూలై ఇరవై ఐదు ఉత్తరం తలుపు కింద పడి ఉంది. అందుకే అప్పుడు చెప్పలేనివి ఇప్పుడు రాస్తున్నాను.

ఆ శుక్రవారం నేను ఇరవై మూడో మెట్టు మీద కూర్చుని ఉన్నాను. కింద నుంచి గుమాస్తా "అమ్మా, మెట్లెక్కొద్దంట! ఆసుపత్రికి వెళ్ళమంట! మీ తమ్ముడు చెప్పమన్నాడంట!" అని కేకలు. వీడికి పిచ్చి ముదిరింది అనుకున్నాను. ఒట్టు, నిన్ను తిట్టడానికే దిగాను. మరదలు ఫోనులో "వదినా, మీరు వెళ్ళేదాకా నేను ఫోను పెట్టను" అని కూర్చుంది. గుమాస్తా బండి పిలిచాడు.

ఆసుపత్రిలో నీకు తీసినట్టే గీత తీశారు. బాగానే ఉందన్నారు. నేను చెప్పులు వేసుకోబోయాను కూడా. అప్పుడొక డాక్టరమ్మాయి వచ్చింది, నా కూతురుండి ఉంటే ఆ వయసు ఉండేది. "పడుకుని ఉన్నప్పుడు గీత బాగున్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదమ్మా, అసలు ఏం జరుగుతోందో చెప్పండి" అంది. పన్ను అనబోయి, మెట్లెక్కొద్దని గుమాస్తా మోసుకొచ్చిన నీ మాట గుర్తొచ్చి మెట్లు చెప్పాను. ఐదు అంకెలు, ఆ రోజుతో ఆరు. ఆ పిల్ల రాయడం ఆపి నా వంక చూసింది. "ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా?" అంది. లేదు, నాన్న అజీర్తితో పోయాడు అన్నాను. "ఎంతసేపట్లో పోయారు?" అని అడిగింది. గంటలో అన్నాను. అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ పిల్ల నా భుజం మీద చెయ్యి వేసింది.

నీ జాబితా సంగతి కూడా చెప్పాను. ఆడవాళ్ళకి రాదన్నది ఉత్త మాటట. చాలామందికి ఛాతీలో పెద్ద నొప్పే ఉండదట. దవడ, మెడ, వీపు, ఆయాసం, ఊరికే అలసట, ఇలా ఎక్కడెక్కడో తలుపు తడుతుందట. సన్నగా ఉన్నా వస్తుందట. ఇవన్నీ చెప్పి, "ఈ మెట్ల లెక్క పట్టుకుంది ఎవరు?" అని అడిగింది. మా తమ్ముడు, పంపుల మేస్త్రీ అన్నాను. "మరి ఆ మూడు గుర్తుల జాబితా రాసిచ్చింది ఎవరు?" అంది. వాడే అన్నాను. ఎంత నవ్విందనుకున్నావు!

తర్వాత జరిగింది నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. మణికట్టు దగ్గర సన్నని తీగ దూర్చారు. నాకు తెలివి ఉంది, పక్కన తెర కనబడుతోంది. రంగు మందు వదిలారు. ఖాళీగా ఉన్న తెర మీద సన్నని దారులు వెలిగి, కొమ్మలుగా చీలి, మాయమయ్యాయి. మళ్ళీ వెలిగాయి. నా గుండెని చూశాను తమ్ముడూ. అవి ఒక్కసారిగా ముడుచుకుని, విచ్చుకుని, ముడుచుకుని. యాభై ఎనిమిదేళ్ళు! నేను నిద్రపోయినప్పుడు, మీ బావ పోయిన రోజు నేను తిండి మానేసి పడుకున్నప్పుడు, నీ మీద కోపంతో తలుపు వేసుకున్నప్పుడు, అది ఇలాగే ఉంది. తొమ్మిదేళ్ళు ఊరి గడియారం ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను, ఇది నాలోనే ఉంటే ఒక్కనాడు తలుచుకోలేదు. దీనికి కీ ఎవరిస్తున్నారు? అక్కడే చేతులెత్తి దణ్ణం పెట్టబోతే కదలొద్దమ్మా అన్నారు.

ఒకచోట దారి దారప్పోగంత సన్నబడి ఉంది. ఇంకో వారం ఆగి ఉంటే అని డాక్టరమ్మాయి మాట పూర్తి చేయలేదు. అక్కడ చిన్న ఉంగరాల గొట్టం లాంటిది పెట్టి విప్పారు. ఈసారి మందు వదిలితే కొసదాకా, ఆ సన్నసన్నని కొమ్మలదాకా పోయి నిండింది. నీ గుట్ట మీద నాలుగో అంతస్తు కుళాయి తిప్పినట్టే. ఏడ్చేశాను.

గొట్టం పెట్టినంత మాత్రాన జబ్బు పోలేదట. ఇక మాత్రలు జీవితాంతం. నడక నెమ్మదిగా పెంచాలి. ఆరు వారాలు గోపురం మెట్లు ఎక్కకూడదు. గుమాస్తా కీ ఇస్తున్నాడు. మొదటి రోజు దిగి వచ్చి, "అమ్మా, ఇన్నేళ్ళు ఇది మీరు ఒక్కరే చేశారా?" అని నా కాళ్ళ వంక చూశాడు.

అక్క


ఆగస్టు 17

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఆసుపత్రిలో నేను ఏడ్చింది నిన్ను చూసి కాదు. నువ్వు నిద్రపోతుంటే గుమాస్తా పైగది నుంచి నా జాబితా తెచ్చి ఇచ్చాడు. పక్కన నువ్వు టిక్కులు పెట్టడానికి పెన్సిలుతో గీసిన గళ్ళు మూడున్నాయి. మూడూ ఖాళీ. నా చేతిరాత ఎంత ముచ్చటగా ఉందో! ఒక డ్రిల్లు మాస్టారు చెప్పింది విని, లోపల కూర్చున్న డాక్టరుని ఒక్క ముక్క అడగకుండా, నిన్ను చావు దగ్గరికి గబగబా ఎక్కమన్నాను. నువ్వు నన్ను తిట్టలేదు. తిట్టు.

నాన్న గురించి నువ్వు రాసింది చదివి బయటికి వెళ్ళి కూర్చున్నాను. ఆ సాయంత్రం గుర్తుందా? పొట్ట పైభాగం రుద్దుకుంటూ, చొక్కా తడిసిపోయేలా చెమట పట్టి, "తిన్నది అరగలేదురా" అన్నాడు. నువ్వు సోడా తెచ్చావు. నేను గాలి విసిరాను. మనం పిల్లలం, మనకేం తెలుసు? ఆయనకి అప్పుడు యాభై నాలుగు. ఇప్పుడు నాకు యాభై నాలుగు.

లేచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. రక్తపోటు నూట తొంభై. రెండుసార్లు కొలిచారు, అదే. నాకు తలనొప్పి లేదు, కళ్ళు తిరగలేదు, హాయిగా ఉన్నాను. డాక్టరు నా నోటుబుక్కులో రాశాడు: "ఇది చప్పుడు చేయదు." నేను దాని కింద నీ నూనె మాట రాసి చూపించాను, గడియారానికి బాగా నడుస్తున్నప్పుడే నూనె వేస్తారని. ఎవరన్నారు అని అడిగాడు. మా అక్క అని రాశాను. తన గదిలో గోడకి అంటిస్తానన్నాడు. గోడకి అంటించాల్సింది నీ మాట అక్కా, నాది కాదు.

ఇంటికి వచ్చి లెక్క వేశాను. నిమిషానికి డెబ్భై అనుకున్నా రోజుకి లక్ష. నీ యాభై ఎనిమిదేళ్ళకి రెండు వందల పది కోట్ల పైమాట. నా మూడో పంపుకి మూడు నెలలకోసారి గ్రీజు, ఏడాదికోసారి సెలవు. పిడికెడంత మాంసం ముద్ద, పుట్టకముందు మొదలుపెట్టి ఒక్క పూట సెలవు అడగలేదు! ముప్పై ఏళ్ళు యంత్రాల మధ్య తిరిగి నాకు తెలిసింది సున్నా అనిపించింది. వినే కడ్డీ తీసి ఒక కొస నా ఛాతీకి, ఇంకో కొస చెవి వెనక ఎముకకి ఆనించుకున్నాను. మీ మరదలు చూసి, నా మతి పూర్తిగా పోయిందనుకుని నవ్వింది. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత, మెల్లిగా, ఉంది. నేనేం చేస్తున్నానో చెప్పాక ఆవిడా నవ్వడం మానేసి, పక్కన కూర్చుంది.

మాత్రలు మొదలుపెట్టాను. కానీ నా సంగతి నీకు తెలుసు. ఇప్పుడు భయం ఉంది కాబట్టి వేసుకుంటున్నాను. భయం పోయాక ఏం చేస్తానో నాకే నమ్మకం లేదు.

తమ్ముడు


అక్టోబరు 5

ఒరేయ్ తమ్ముడూ,

తిట్టమన్నావు కదా, తిట్టను. గుమాస్తా చేత నన్ను దింపింది నువ్వు. అక్కడితో చెల్లు.

నిన్న డాక్టరమ్మాయి అనుమతితో గోపురం ఎక్కాను. వెనక గుమాస్తా, చేతిలో నీళ్ళ సీసా. ఒక్కొక్క గీత దగ్గర ఆగి దవడ కోసం ఎదురుచూశాను. ఇరవై మూడు, రాలేదు. ఇరవై ఏడు, ముప్పై ఎనిమిది, రాలేదు. యాభై రెండు దగ్గర గుమాస్తాయే కూర్చుందామన్నాడు. ఎనభై ఆరు దాటాక ఇక గీతలు లేవు, ఉత్త గోడ. ఆ ఉత్త గోడని చూసి నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. నూట పన్నెండు. తలుపు తీశాను. లోలకం ఊగుతోంది. దాని ముందు నిలబడి చెయ్యి ఛాతీ మీద వేసుకున్నాను. అదొక రకంగా, ఇదొక రకంగా, రెండూ నడుస్తున్నాయి. రెండింటి మధ్యా నేను ఊరికే నిలబడి ఉన్నాను. అంతే తమ్ముడూ, చాలాసేపు అంతే.

గుమాస్తా గీతలు తుడిచేయనా అన్నాడు. వద్దన్నాను.

నూనె డబ్బాల అరలో నా పన్ను సీసా కనబడింది. ఆ వారం అక్కడ పెట్టి మరిచిపోయాను. వెలుతురులో పెట్టి చూశాను. తెల్లగా, గట్టిగా, మచ్చ లేకుండా ఉంది. ఇంకో ముప్పై ఏళ్ళు నాకు నమిలి పెట్టేది. దాని మాట ఒక్కరూ వినలేదు. ఇద్దరు డాక్టర్లు దాని తరఫున మాట్లాడినా, పట్టుబట్టి పీకించాను.

దాన్ని ఈ ఉత్తరంతో పాటు నీకు పంపుతున్నాను. భయం పోయాక ఏం చేస్తానో అన్నావు కదా. నీ మాత్రల డబ్బా పక్కన పెట్టుకో. రోజూ పొద్దున అది ముందు కనబడాలి. "నాకేం లేదు, బాగానే ఉన్నాను" అనిపించిన రోజున సీసా తీసి చూడు. అది కూడా బాగానే ఉండేది.

అక్క